బోరు నీళ్లలో అక్వేరియం మొక్కలు

అక్వేరియంలో మొక్క పాడవుతుంటే ముందు చూడాల్సింది దెబ్బ తగిలింది ముదురాకుకా, చిగురుకా అన్నది. అడుగు ఆకులు పసుపెక్కి రాలుతుంటే సాధారణంగా నత్రజని చాలలేదని అర్థం. అవే ఆకుల మీద సన్నని చిల్లులు పడి అంచులు మాడుతుంటే పొటాషియం కొరతను అనుమానించాలి. ఈ రెండు పోషకాలనూ మొక్క పాత ఆకుల నుంచి లాగి చిగుళ్లకు పంపుకోగలదు. ఇనుమును అలా పంపుకోలేదు. అందుకే ఇనుము అందనప్పుడు కొత్త ఆకులే పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల వేరుశనగ పండించే రైతుకు ఈ చివరి లక్షణం కొత్త కాదు. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందే రూపంలో ఉండదు. కాఠిన్యం, క్షారగుణం ఎక్కువైన బోరు నీళ్లతో నింపిన తొట్టిలోనూ జరిగేది అదే. అయితే పొలానికి పనికొచ్చే మందు తొట్టికి పనికిరాదు. రైతు అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేటును) నిమ్మ ఉప్పుతో కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తాడు. అన్నభేదిని నేరుగా అక్వేరియం నీళ్లలో వేస్తే త్వరగానే తుప్పుగా మారి అడుగుకు చేరుతుంది. చీలేట్ రూపంలోని ఇనుము వాడాలి. అందులోనూ ఈడీటీఏ రకం క్షార నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, డీటీపీఏ రకం కొంత మెరుగు.

అసలు మందు సీసా కొనే ముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలి. ఈ పట్టణాల్లో తుంగభద్ర దిగువ కాలువ నుంచి వచ్చే కుళాయి నీళ్లు వేరు, పెరట్లోని బోరు నీళ్లు వేరు. కాలువకు నీళ్లు ఆగిన నెలల్లో కుళాయి నుంచి బోరుకు మారితే మొక్క ఒక్కసారిగా కుంగిపోవచ్చు. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను విరుగుడు మందుతోనో, ఒక రోజు నిల్వ ఉంచో పోగొట్టాలి. బోరు నీళ్లే దిక్కైతే కొంత ఆర్‌ఓ నీళ్లు కలపాలి. పూర్తిగా ఆర్‌ఓ నీళ్లతో నింపడం మాత్రం ఇంకో పొరపాటు. అందులో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు, చిగుళ్లు మెలితిరుగుతాయి.

అడుగున పరిచిన రాయీ నీళ్లను మారుస్తుంది. ఆదోని కొండల గ్రానైటు వల్ల ఇబ్బంది లేదు. బేతంచెర్ల నాపరాయి సున్నపురాయి కాబట్టి కాఠిన్యాన్ని ఇంకా పెంచుతుంది. రాయి మీద వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తుందేమో చూస్తే చాలు, తేలిపోతుంది.

మే నెలలో తొట్టి నీళ్లు 30 డిగ్రీలు దాటితే చాలా మొక్కలు నీరసిస్తాయి. ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది కనుక నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పినా వేడి బాగానే దిగుతుంది. కానీ ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గిన నీటికి బదులు మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే వేసవి ముగిసేసరికి కాఠిన్యం విపరీతంగా పెరుగుతుంది. ఆర్‌ఓ నీళ్లు వాడాల్సింది ముఖ్యంగా ఈ భర్తీకే. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడం వేరే పని, అది మానకూడదు.

అన్ని లక్షణాలూ జబ్బులు కావు. నర్సరీల్లో చాలా మొక్కలను నీటిపైనే పెంచుతారు. తొట్టిలో ముంచాక ఆ ఆకులు కుళ్లిపోయి, నీటికి తగిన ఆకులు కొత్తగా వస్తాయి. క్రిప్టోకొరైన్‌కైతే నీళ్లు మారినా ఆకులన్నీ కరిగిపోవచ్చు. వేరు గట్టిగా ఉంటే పీకకుండా కొన్ని వారాలు ఆగాలి. అనుబియాస్, జావా ఫెర్న్ కుళ్లితే కారణం తరచూ దుంపకాండాన్ని ఇసుకలో పూడ్చడమే. దాన్ని రాయికో కొయ్యకో కట్టాలి. ఆకులపై నాచు పేరుకుంటే దీపాన్ని రోజుకు ఏడెనిమిది గంటలకు తగ్గించి, కిటికీ ఎండ పడకుండా తొట్టిని జరపాలి.

1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ చేపలు, నత్తలు, వాలిస్నేరియా మొక్కతో తొట్టిలో సమతూకం నిలబెట్టి చూపాడు. ఈ ప్రాంతపు నీళ్లకూ అదే మొక్క తగినది. వాలిస్నేరియా, హైడ్రిల్లా రెండూ కఠిన జలంలోని బైకార్బొనేట్ నుంచి కార్బన్ తీసుకోగలవు. ఖరీదైన ఎర్ర మొక్కల కోసం నీళ్లతో పోరాడే బదులు కొత్తవారు వీటితో మొదలుపెట్టడమే తెలివైన పని.

కత్తిరించిన కొమ్మలను ఎండబెట్టి కుండీ మట్టిలో కలపాలి. కాలువలో, చెరువులో వేయకూడదు. మన చెరువులను కప్పేసిన గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చుకున్న మొక్కే.