'అవ్వల్ కల్మా'లో వంశమూ శోకమూ

ఖమ్మం నుండి సూర్యాపేట పోయే దారిలో కుసుమంచి ఉన్నది. కాకతీయుల కాలపు శివాలయాలతో పేరు పొందిన ఊరు. ఇటువంటి గ్రామాల ముస్లిములను గురించి మాట్లాడేటప్పుడు నవాబుల ప్రసక్తి ఎందుకు రావాలి? కాని వస్తూనే ఉన్నది. 'తురకలు' అన్న ఒక్క మాటలో జాగీర్దారూ, దూది ఏకేవాడూ కలిసిపోయారు. ఇదే జిల్లాలోని రొట్టమాకురేవుకు చెందిన కవి యాకూబ్ 'అవ్వల్ కల్మా'లో ఆ ఇద్దరినీ విడదీశాడు. 1998లో 'జల్‌జలా' సంకలనం వెలువడి, ముస్లింవాద కవిత్వమన్న పేరు స్థిరపడిన కాలపు కవిత ఇది. దీనిని కుల చర్చగా చదవడం పరిపాటి. నా దృష్టిలో ఇది ముందు శోకం, తరువాతనే వాదం.

ఎవరి శోకం? 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఐదు రోజులలో ఒక లోకం తలకిందులైంది. రజాకార్ల దౌర్జన్యాలకు ప్రతీకారం వాటితో ఏ సంబంధమూ లేనివారి మీద కూడా పడింది. పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలోని బృందం 27 వేల నుండి 40 వేల మంది వరకు మరణించారని అంచనా వేసింది. అత్యధిక నష్టం ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో జరిగింది. మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. ఉర్దూకు రాజభాష హోదా పోయింది. ఆ పతనం మీద వచ్చిన విలాపంలో హవేలీలు, తహజీబు, చెదిరిన దర్బారులు మనకు తరచుగా కనిపిస్తాయి. పోగొట్టుకున్నదానికి పేరున్నవాడి ఏడుపుకు భాష కూడా దొరుకుతుంది. నిజాం కొలువులోని హబ్షీ అశ్వదళానికి దళం పోయినా, హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అన్న పేట పేరైనా మిగిలింది. పల్లెలో ఇతరుల పొలాలలో కూలి చేసుకునే ముస్లిముకు పోవడానికి రాజ్యం లేదు. పోయిన రాజ్యం తాలూకు నింద మాత్రం అతని వాటాకు వచ్చింది.

యాకూబ్ పట్టుకున్నది సరిగా ఈ చోటునే. అతడు చరిత్ర చెప్పడు, లెక్కలు చెప్పడు. ఇంట్లో పిలుపుల దగ్గర ఆగుతాడు. ముస్లిమువైతే తల్లిని అమ్మీజాన్ అనాలి, తండ్రిని అబ్బాజాన్ అనాలి అని లోకం చెబుతుంది. తామేమో అమ్మా అని, అయ్యా అని పిలిచి పెరిగినవాళ్ళు. పరదాలు, ఖిల్వతులు గుడిసెలో ఎక్కడివి? హబ్షీల వంశం ముఖం మీద కనబడుతుంది. ఇక్కడి వంశం చెవికి తెలుస్తుంది. నోరు విప్పి తల్లిని పిలిచేదాకా దాగి, పిలవగానే బయటపడుతుంది. కవితలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచినది ఈ అంశమే.

ఒక మనిషిని అతని తల్లిని ఎత్తి నిందించిన హజ్రత్ అబూజర్ (రజి)తో, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉన్నదని మహాప్రవక్త (స) అన్న హదీసు మన పాఠకులకు తెలిసినదే. నిందకు గురైనది హజ్రత్ బిలాల్ (రజి) అనీ, ఆ నింద తల్లి నలుపును గురించినదనీ ప్రసిద్ధి. వంశాన్ని కించపరచేవాడు తల్లి దగ్గరికే పోతాడు. అయితే మన ఇళ్ళలో ఈ పని పైవాడు చేయనక్కరలేదు, కొడుకే చేస్తున్నాడు. నాలుగు అక్షరాలు ఉర్దూ నేర్చి ఇంటికి వచ్చి, తల్లి సలాము ఉచ్చారణను పదిమందిలో దిద్దుతాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. మరునాటి నుండి చుట్టాల ఎదుట తక్కువ మాట్లాడుతుంది. ధర్మం నేర్పుతున్నామనుకుంటూ హోదా నేర్పే ఉపాధ్యాయులు మనలో లేరని ఎవరు అనగలరు?

వాదంగా కవిత చెప్పినదానికి చట్టం కూడా తరువాత సాక్ష్యం పలికింది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషను కల్పించినప్పుడు సయ్యద్, మొఘల్, పఠాన్, అరబ్ మొదలైనవారిని పేరు పెట్టి మినహాయించింది. దూదేకులవారు అంతకుముందే వేరే జాబితాలో ఉన్నారు. మసీదులో ఒకే వరుసలో నిలబడేవాళ్ళు తహసీలు కార్యాలయంలో వేరు వేరు వరుసలలో నిలబడుతున్నారు. దీనికి నొచ్చుకునే పెద్దలు పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు ఏ వరుస పాటిస్తారో కూడా చెబితే బాగుంటుంది.

కవితలో నేను ఒప్పుకోలేనిది ఒకటి ఉన్నది. రాజ్యం, జాగీరు పోగొట్టుకున్న వర్గం మీది కోపంలో కవి ఆ వర్గపు నష్టాన్ని ఆస్తి నష్టంగానే చూశాడు. జాగీర్దార్లు ఎందరు? వేలకొద్దీ చచ్చిపోయినవారందరూ వారే అయి ఉండరు. సయ్యద్ అన్న పేరు ముందు పెట్టుకుని తాలూకా కచ్చేరీలో జవానుగా బతికిన మనిషికి ఏ హవేలీ ఉన్నది? అతని భార్య వైధవ్యానికి ఈ కవితలో చోటు లేదు, నవాబుల విలాపంలోనూ లేదు. తనవాళ్ళను ఆ ఏడుపు నుండి వేరు చేసుకోవడంలో యాకూబ్ న్యాయమే చేశాడు. ఆ తొందరలో ఆమెను కూడా హవేలీ వైపుకు నెట్టివేశాడు.