రూతు కథ - మతప్రవేశ విచారము

హీబ్రూ వాఙ్మయమున రూతు గ్రంథము పరిమాణముచే మిక్కిలి చిన్నది. అధ్యాయములు నాలుగు, వాక్యములు 85. ఇందు రాజులు లేరు, యుద్ధములు లేవు, సముద్రము చీలుట మొదలగు మహాద్భుతములు లేవు. కఱవు, వలస, మూఁడు చావులు, రెండు పంటకోఁతలు, ఒక వివాహము, ఒక శిశుజననము: కథ యింతియే. అయినను యూదపండితులు తమ మతమునఁ గ్రొత్తగాఁ బ్రవేశించువారిని గుఱించి విచారించునపుడు ఈ చిన్న గ్రంథమును ముఖ్యప్రమాణముగాఁ గైకొనిరి. ఆ ప్రామాణ్యము గ్రంథమునుండి సహజముగా వెలువడినదా, లేక వ్యాఖ్యాతలు దానిపై మోపినదా యనునది విచారింపవలసిన విషయము.

బేత్లెహేము గ్రామమునఁ గఱవు వచ్చినందున ఎలీమెలెకు అను గృహస్థుఁడు భార్యయగు నయోమితోను, కుమారు లిరువురతోను మోయాబు దేశమునకు వలసపోయి యచ్చటనే మృతినొందెను. కుమారులు ఓర్పా, రూతు అను మోయాబు కన్యలను బెండ్లాడి, ఇంచుమించు పదియేండ్లకు సంతానము లేకయే కాలధర్మము నొందిరి. స్వదేశమునఁ దిండికిఁ గొదువ తీఱినదని విని నయోమి తిరుగుప్రయాణమయ్యెను. త్రోవలోఁ గోడండ్రను బుట్టినిండ్లకుఁ బొండని పలుమాఱులు చెప్పినది. ఓర్పా యేడ్చి, అత్తను ముద్దిడి మరలిపోయెను. రూతు మరలలేదు.

అప్పు డామె యిచ్చిన ప్రత్యుత్తరము లోకప్రసిద్ధము. అత్త పోవుచోటికే తాను పోవుననియు, ఆమె విడియుచోటనే విడియుననియు, ఆమె జనమే తన జనమనియు, ఆమె దేవుఁడే తన దేవుఁడనియు, ఆమె చచ్చుచోటనే చచ్చి యచ్చటనే పాఁతిపెట్టఁబడుదుననియు దాని తాత్పర్యము. ఈ వరుస గమనింపఁదగినది. మొదట త్రోవ, పిదప పడక, పిదప జనము, నాలవదిగా దైవము. సిద్ధాంతమును విని, నమ్మి, దాని వెంబడి ఆచారమును గైకొన్నదాని మాటలు కావివి. ఒక ముసలమ్మను విడువలేనిదాని మాటలు. ఆ విడువలేనితనము వెంటనే జనమును దైవమును వచ్చినవి.

తల్మూదునందలి యెబామోతు ప్రకరణమున పండితులు ఈ ప్రత్యుత్తరమును వేఱొక విధముగాఁ బఠించిరి. రూతు వాక్యములోని ప్రతి ఖండమునకును ముందు నయోమి చెప్పిన విధి యొకటి లుప్తమై యున్నదని వారి యూహ. మన శాస్త్రములయందలి అధ్యాహారము వంటిది. విశ్రాంతిదినమున హద్దు మీఱి నడువరాదని నయోమి చెప్పఁగా, నీవు పోవుచోటికే యని రూతు పలికినదఁట. పరపురుషునితో నేకాంతము కూడదనఁగా, విడిదిమాట వచ్చినదఁట. విధినిషేధములు 613 కలవనఁగా జనముమాటయు, విగ్రహారాధన కూడదనఁగా దేవునిమాటయు, న్యాయస్థానము విధించు మరణదండనములు నాలుగు విధములనఁగాఁ జావుమాటయు, దండితులకు వేఱు శ్మశానములు రెండు కలవనఁగా సమాధిమాటయు వచ్చినవఁట. అరమేయిక భాషలోని తర్గూము ఈ సంవాదమును విస్తరించి, ఆ హద్దు రెండువేల మూరలని కొలతతోఁ గూడ నయోమిచేఁ జెప్పించినది.

బుద్ధికుశలతకు మెచ్చవలసినదే. కాని కావ్యదృష్టితోఁ జూచినచో ఇది నష్టము. బిడ్డలను బోఁగొట్టుకొని యూరికిఁ దిరిగిపోవు ముసలిది నడుమత్రోవ నిలిచి మరణదండనముల భేదములను వల్లించుట యౌచిత్యభంగము. అదియునుగాక, నయోమి కోరినది కోడలిని బరీక్షించుట కాదు, పంపివేయుట. తోడికోడలు తన జనమునొద్దకును దన దేవతలయొద్దకును మరలినదని నిందలేకయే చెప్పి, ఆమె వెంటఁ బొమ్మన్నది. గురువు శిష్యురాలితోఁ బలుకు పలుకు కాదది.

పండితుల పాఠము నంగీకరించినచో రూతు త్రోవలోనే, ఒక్క గడియలోనే, సంపూర్ణముగా యూదురాలైనదనవలెను. మూల మట్లు చెప్పదు. ఊరు చేరినపుడు కవి ఆమెను మోయాబీయురాలనును. పొలమునకుఁ బోవ సెలవడిగినపుడు మోయాబీయురాలనును. కోఁతగాండ్ర పెద్ద యజమానునకు ఆమెను జెప్పునపుడు పేరైన నెత్తక మోయాబు చిన్నది యనును. సాయంకాలము పొలము సంగతులు అత్తతో మాటాడునపుడును ఆమె మోయాబీయురాలే. మూఁడవ యధ్యాయమున ఈ విశేషణము కానరాదు. నాలవ యధ్యాయమున ఊరిగవినికడ సాక్షులయెదుట భూమి వ్యవహారము నడచునపుడు బోయజు నోట రెండుమాఱులు తిరిగి వచ్చును. వివాహము చెప్పు వాక్యమున వట్టి రూతు మాత్రమే మిగులును. తన్నుఁ దాను జెప్పుకొనుటయందును ఇట్టి క్రమమే కలదు. బోయజు నెదుట మొదట పరదేశిననును. ఆ దినముననే, కొంచెము చనవు గలిగిన పిదప, అతని దాసీజనములో నొకతెకు సాటిరానిదాన ననును. కళ్లమున రాత్రివేళ ఎవతెవని యతఁ డడుగఁగా, ముందు తన పేరు చెప్పి, తరువాతనే దాసిననును. ఇచ్చట దాసికి వాడిన హీబ్రూ పదమును మునుపటిది కాదు.

నయోమియందును ఇట్టి మాఱుపాటు కలదు. వ్యాఖ్యాతలు దీనిని జాలినంతగా గమనింపలేదు. ఊరు చేరిన దినమున పొరుగుస్త్రీలతో ఆమె, నిండుగా వెళ్లి వట్టిగాఁ దిరిగి వచ్చితినని దుఃఖించును. ఆ మాట యనునప్పటికి రూతు ప్రక్కనే యున్నది! తనకొఱకు పుట్టినిల్లు విడిచి వచ్చిన కోడలు ముసలిదాని లెక్కలో లేదు. తరువాత రూతు పరిగె యేఱి, దులిపి, యవలు మోసికొని వచ్చి, పొలము బోయజుదని చెప్పఁగా నయోమి, ఆ మనుష్యుఁడు దగ్గఱ చుట్టమనియు, విడిపింప నధికారము గల బంధువులలో నొకఁడనియుఁ బలుకును. ఆ వాక్యమున హీబ్రూలో ఉత్తమపురుష బహువచన ప్రత్యయము రెండుమాఱులు వచ్చినది. తెనుఁగునకు మా, మన యను భేదము కలదు, హీబ్రూకు లేదు. తెనిఁగించువాఁడు మాకు అన్నచో రూతు వెలుపల నిలుచును. మనకు అన్నచో లోపలికి వచ్చును. సందర్భముచే మనకు అనియే యనవలెను. ఏలనఁగా, అంతకుముందు కవి బోయజును నయోమి పెనిమిటి బంధువని మాత్రమే చెప్పియున్నాఁడు. కోడలికిఁ జుట్టఱికముఁ గల్పించినది నయోమియే. ఆ మఱుసటి వాక్యముననే కవి మరల మోయాబీయురాలైన రూతు అనుచున్నాఁడు. ఇంట అత్త మన యన్నది. ఊరు ఇంకను అనలేదు. మతప్రవేశమును గుఱించిన శాస్త్రచర్చ లెన్నియో చెప్పలేనిదానిని ఈ రెండు వాక్యముల యిఱుకున కవి చెప్పినాఁడు.

మఱియొక పదము. పొలమున బోయజు రూతును దీవించుచు, ఇశ్రాయేలు దేవుని ఱెక్కలక్రింద ఆశ్రయము గోరి వచ్చినదానవనును. ఆ ఱెక్కకు హీబ్రూ పదము కానాఫ్. కళ్లమున రూతు అతనిని తనమీఁదఁ గప్పుమని కోరినదియు కానాఫే. అచ్చట వస్త్రపు చెఱఁగని యర్థము. దేవుఁడు కప్పునని నీవు చెప్పిన కప్పును నీవే కప్పుమని యామె భావము. దీవెనను పెద్దమనిషి మాటగా విడువక, బాధ్యతగాఁ దిరిగి యప్పగించినది. తెనుఁగున ఱెక్క వేఱు, కొంగు వేఱు; భాషాంతరమున ఈ చమత్కారము నిలుచుట దుర్లభము. తరువాతి కాలమున దైవసాన్నిధ్యపు ఱెక్కలక్రిందికి వచ్చుట యనునది మతప్రవేశమునకుఁ బర్యాయమైపోయినది. కళ్లములోని చెఱఁగు మాత్రము మఱుగుపడినది.

ఇఁక ధర్మశాస్త్రపు చిక్కు. ద్వితీయోపదేశకాండము 23వ యధ్యాయమున అమ్మోనీయుఁడు గాని మోయాబీయుఁడు గాని దైవసమాజమునఁ జేరరాదను నిషేధము స్పష్టముగాఁ గలదు. రూతు ప్రపౌత్రుఁడు దావీదు మహారాజు. నిషేధము నిలిచినచో రాజవంశమే కూలును. మిష్నాకారులు నిషేధవాక్యమున పుంలింగము వివక్షితమనియు, మోయాబు పురుషులకే నిషేధము గాని స్త్రీలకుఁ గాదనియు నిర్ణయించిరి. జైమిని సూత్రములు చదివినవారి కిందు వింత తోఁపకపోదు. స్వర్గకాముఁడు యజింపవలెనను విధియందు పుంలింగము వివక్షితము కాదని చెప్పి మీమాంసకులు స్త్రీలకు యాగాధికారము నిచ్చిరి. ఇచ్చట వివక్షితమని చెప్పి స్త్రీకి సమాజాధికారము నిచ్చిరి. త్రోవ లెదురైనవి, చేరిన చోటొక్కటి. దావీదు అర్హతనుగూర్చి దోయేగు తీవ్రముగా నాక్షేపించినట్లు తల్మూదు చెప్పుటచే, ఈ నిర్ణయము సులభముగా నెగ్గలేదని పండితులే యెఱుఁగుదురని తెలియుచున్నది.

నయోమి నోట విధులన్నియు నొక్కమాఱే పెట్టిన యా పండితులే ఆచరణమునకు వచ్చునప్పటికి నిదానమును బాటించుట విశేషము. అదే యెబామోతు ప్రకరణమున, మతమునఁ జేరవచ్చినవానితో ముందు ఇశ్రాయేలీయులు పీడితులై యున్నారని చెప్పవలెననియు, తెలిసియే వచ్చితి, నాకంతటి యర్హత లేదని యతఁడన్నచో అంగీకరించి, తేలికవి కొన్నియు బరువైనవి కొన్నియు విధుల నెఱిఁగింపవలెననియు, అతిగాఁ జెప్పరాదనియు, సూక్ష్మములఁ జూపి వేధింపరాదనియుఁ గలదు. మొదట చెప్పవలసినవానిలో పరిగె, మఱచిన పన, పొలపు మూల, బీదల దశమభాగము పేరెత్తి చెప్పఁబడినవి. ఇది రూతు కడుపు నింపిన ధర్మమే! పరిగె యేఱుకొన్న పరదేశి స్త్రీ కథను మతప్రవేశమునకు మూలముగాఁ గొన్న పండితులు, క్రొత్తవానికి ముందుగా పరిగెధర్మమును జెప్పుమనుట యాదృచ్ఛిక మనుటకు మనసొప్పదు. అధ్యాహారముకంటె ఈ నియమమే రూతు గ్రంథమునకు సరియైన వ్యాఖ్యానము.

షబ్బాతు ప్రకరణమున హిల్లేలు కథయు నిట్టిదే. లిఖితశాస్త్రము తప్ప పరంపరాగత శాస్త్రము నమ్మనని చెప్పి యొకఁడు మతప్రవేశము గోరెను. షమ్మాయి గద్దించి పంపెను. హిల్లేలు చేర్చుకొని, మొదటిదినమున ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అని యక్షరములు నేర్పి, మఱునాఁడు తలక్రిందుగాఁ జెప్పెను. శిష్యుఁడు నిన్న నిట్లు చెప్పలేదే యనఁగా, అక్షరముల విషయమున నామాట నమ్మినవాఁడవు పరంపర విషయమునను నమ్ముమనెను. ఓనమాలు దిద్దించు పంతుళ్లకు ఈ కథలోని కిటుకు వ్యాఖ్య లేకయే తెలియును.

ఎంత నేర్చినను మా, మనల చిక్కు తీఱదు. ప్రథమఫలముల నర్పించునపుడు, మా పితరులకు దేవుఁడిచ్చెదనన్న భూమి యను వాక్యమును క్రొత్తగాఁ జేరినవాఁడు పలుకరాదనియు, ఒంటిగాఁ బ్రార్థించునపుడు ఇశ్రాయేలు పితరుల దేవుఁడనియు, సమాజమందిరమున మీ పితరుల దేవుఁడనియుఁ జెప్పవలెననియు మిష్నా విధించినది. దినదినమును, అందఱి నడుమను, వాఁడు తన నోటితోనే తాను వెలుపలివాఁడనని చెప్పుకొనవలెనన్నమాట. క్రీస్తుశకము 12వ శతాబ్దమున ఓబద్యా యను మతప్రవిష్టుఁడొకఁడు ఈ బాధతోనే మైమోనిదీసు పండితునకు వ్రాసెను. యెరూషలేము తల్మూదులోని రబ్బీ యూదా మతము నవలంబించి యాయన యిచ్చిన ప్రత్యుత్తరము ఉదారమైనది. అబ్రాహాము తన మార్గమునఁ జేరినవారికందఱికిని దండ్రి. కాఁబట్టి ప్రార్థనలో నొక్క మాటయు మార్పవలదు. ఐగుప్తునుండి వెలువడిన సంగతి చెప్పునపుడు మాత్రము, కోరినచో ఇశ్రాయేలీయులను దెచ్చితివనవచ్చును; మమ్మనినను దోషము లేదు. ఈ చిన్న సడలింపునందే ఆ పండితుని సత్యసంధత కానవచ్చుచున్నది. వంశమును ధర్మముచే నీయవచ్చును; జరిగిన చరిత్రను, కోరనివానిపై, మోపరాదు.

తెనుఁగునేలపైనను ఈ విషయము కేవలము పుస్తకగతము కాదు. గుంటూరు మండలము చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున బెనె యెఫ్రాయీము అను తెలుఁగువారి సమాజము యూదాచారముల నొకటొకటిగాఁ గైకొని, 1991లో ప్రార్థనామందిరము నేర్పఱచుకొన్నది. వారు తాము క్రొత్తగాఁ జేరినవారము కామనియు, తప్పిపోయిన గోత్రమువారమై తిరిగి వచ్చితిమనియుఁ జెప్పుకొందురు. వారికి మైమోనిదీసు ప్రత్యుత్తరము పనికిరాదు. మమ్మని వారు మొదటినుండియు ననుచునే యున్నారు. వినువారు మన యందురా యనునదే వారి ప్రశ్న.

వారముల పండుగనాఁడు యూదులు పలుచోట్ల రూతు గ్రంథమును బఠింతురు. యవల కోఁత మొదలుకొని గోదుమ కోఁత తుదివఱకు రూతు పరిగె యేఱినదని గ్రంథముననే యున్నది. ఆ పండుగ గోదుమకోఁతల పండుగయే గాక, ధర్మశాస్త్రము లభించిన దినముగాఁ గూడఁ దలంపఁబడుచున్నది. గ్రంథమున శౌచాశౌచములు గాని, విధినిషేధములు గాని లేవనియు, దయకుఁ గలుగు ఫలమును దెలుపుటకే యిది వ్రాయఁబడినదనియు రబ్బీ జేరా చెప్పినట్లు రూతు రబ్బాలోఁ గలదు. నయోమి నోట విధుల నుంచినవారిలోనే యిట్టివాఁడును గలఁడు.

గ్రంథాంతమున ఊరు రూతును రాహేలు, లేయాలతో పోల్చి దీవించును. ఏడుగురు కుమారులకంటె మేలైన కోడలని స్త్రీలు నయోమితోఁ జెప్పుదురు. పుట్టిన బిడ్డకుఁ బొరుగువారే ఓబేదని పేరిడి, నయోమికి కుమారుఁడు పుట్టెనందురు. నాలవ యధ్యాయమున రూతు ఒక్క మాటయైనను బలుకదు. ఆమె కడపటి మాట మూఁడవ యధ్యాయాంతమునఁ గలదు: ఆఱు కొలల యవలు అత్త ముందుంచి, వట్టిచేతులతో అత్తయొద్దకుఁ బోవలదని బోయజు చెప్పినాఁడనుట. కళ్లమున బోయజు అట్లు చెప్పినట్లు కవి యెచ్చటను వ్రాయలేదు. వట్టిగా వచ్చితినన్నది నయోమి. దానిని విన్నది రూతు.