ఎవరెస్ట్ కంటే ముందు ఎర్రరాయి

కార్తీకం చలి పడిందంటే బీదర్‌లో మా నడకల కాలం వచ్చినట్టే. శివరాత్రి దాకా సాగుతుంది. ఆ తర్వాత ఎర్రరాయి పెనంలా కాలుతుంది, నీడ దొరకదు, ఇక ఆపేయాల్సిందే. ఈ నాలుగు నెలలూ వీలైన ఆదివారమల్లా పొద్దు పొడవకముందే హైదరాబాద్ నుంచి కొందరం, జహీరాబాద్ నుంచి కొందరు, బీదర్ వాళ్లు కొందరు ఒకచోట చేరతాం. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఇంజినీరింగ్ చదివే పిల్లలు, రిటైరైనవాళ్లు. తెలుగు, కన్నడ, దక్కనీ, మరాఠీ కలగలిసిన మాటల్లోనే నడక సాగుతుంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ఇది ఎవరికీ వింతగా అనిపించదు.

“బీదర్‌లో కొండలెక్కడివండీ?” అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. ఊళ్లో నిలబడి చూస్తే నిజమే, అంతా చదునే. సముద్రమట్టానికి దాదాపు 2,200 అడుగుల ఎత్తున్న పీఠభూమి మీద ఉన్న ఊరది. అంచుకు వెళ్తే తెలుస్తుంది, నేల ఒక్కసారిగా తెగి పొలాల్లోకి దిగిపోతుంది. ఆ అంచు దిగడం, వాగు వెంట నడవడం, మరో దారిన ఎక్కి రావడం, ఇదీ మా కార్యక్రమం.

మాలో అందరికంటే పెద్దాయన బీదర్‌లోనే పుట్టి పెరిగిన రిటైర్డ్ ఉపాధ్యాయుడు. కొత్తవాళ్లను అంచు మీద నిలబెట్టి “నీళ్లెక్కడున్నాయో చూపించండి నాయనా” అంటారు. అందరి కళ్లూ లోయ అడుగుకే పోతాయి. ఆయన వేలు మాత్రం వాలు మధ్యకు చూపిస్తుంది. జనవరి ఎండుగడ్డిలో అక్కడొక పచ్చని చార, రెండు మూడు మేడిచెట్లు. దగ్గరికి దిగి చూస్తే రాతి సందులో తడి, చేత్తో తాకితే చల్లగా బంకమట్టి.

సంగతేమిటంటే, పైనున్నది లాటరైట్. తుప్పు రంగులో చిల్లులు చిల్లులుగా ఉండి వాననీటిని పీల్చుకునే రాయి. దాని కింద దక్కన్ నల్లరాయి, అది నీటిని అంత తేలిగ్గా దిగనివ్వదు. అందుకే నీరు ఆ రెండూ కలిసేచోట పక్కకు పాకి, అంచు దగ్గర ఊటగా బయటపడుతుంది. గుహలో ఛాతీ లోతు నీళ్లలో నడిచి దర్శనం చేసుకునే నరసింహ ఝరణి, గురునానక్ ఝీరా, పాపనాశం, అన్నీ ఈ అంచున పుట్టిన ఊటలే. బహమనీల కాలంలో ఈ గుట్టు తెలిసినవాళ్లే నౌబాద్ దగ్గర ఇరాన్ పద్ధతిలో కరేజ్ తవ్వారు. నేల కింద సొరంగ కాలువ, దాని మీద వరుసగా బావుల్లాంటి గాలిగుంతలు. ఊళ్లో సురంగ్ బావి అంటారు. పూడిపోయి మరుగున పడ్డ ఆ వ్యవస్థకు కేరళకు చెందిన భూగోళ శాస్త్ర అధ్యాపకుడు వల్లియిల్ గోవిందన్‌కుట్టి మ్యాపు తయారుచేశారు. ఎండిన గడ్డిలో ఆ గుంతల వరుస వెంట నడిచినప్పుడు, ఐదారు వందల ఏళ్ల కిందటి పనివాళ్లు నేలను మనకంటే ఎంత బాగా చదివారో తెలిసి నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నేలను చదవడం అయ్యాక మ్యాపు చదవడం. ఫోన్ జేబులోంచి తీయకూడదు, అది మా నియమం. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్‌లో సెంటీమీటరుకు అర కిలోమీటరు, ఎత్తులో ప్రతి 20 మీటర్లకో గోధుమరంగు కాంటూర్ గీత. ఊరున్నచోట ఆ గీతలు ఎడంగా ఉంటాయి, అంచు దగ్గర ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. గీతలు చిక్కబడ్డచోట పిక్కలు పట్టేస్తాయని మా కుర్రాళ్లు తొందరగానే కనిపెట్టారు.

ఈ మ్యాపులకు బీదర్‌తో పాత చుట్టరికం ఉంది. 1802లో మద్రాసులో మొదలుపెట్టి దేశాన్ని త్రిభుజాలుగా కొలుచుకుంటూ వచ్చిన విలియం లాంబ్టన్, 1815లో బీదర్ దగ్గరి దామరగిద్ద వద్ద బేస్‌లైన్ కొలిచాడు. 1841లో ఆండ్రూ వా దాన్ని మళ్లీ కొలిచాడు. ఆ వాయే 1856లో, అప్పటిదాకా పదిహేనో నంబరుగా పిలిచిన శిఖరానికి తనకు ముందు సర్వేయర్ జనరల్‌గా ఉన్న జార్జ్ ఎవరెస్ట్ పేరును ప్రతిపాదించాడు. అంటే ఎవరెస్ట్ ఎత్తు తేల్చిన ఆ మహా సర్వే ఈ ఎర్రనేల మీదుగానే ఉత్తరానికి వెళ్లింది. పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు కాళ్ల కింది నేలను కొత్తగా చూస్తారు.

తాళ్ల పని మాత్రం బీదర్‌లో సగమే నేర్చుకోగలం. లాటరైట్ గుల్లరాయి, యాంకర్‌ను నమ్మకంగా పట్టి ఉంచదు. కోట గోడలేమో రక్షిత కట్టడాలు, వాటి మీద తాడు వేయడం తప్పు. అందుకని ముడులు వేయడం వేపచెట్టు కింద నేర్చుకుని, దిగడం ఎక్కడం భువనగిరి గుట్ట మీద సాధన చేస్తాం. మాకు నేర్పే కుర్రాడిది కల్లుగీత కుటుంబం. తాత మోకు పట్టుకుని తాడిచెట్టెక్కేవాడట. ఫిగర్ ఎయిట్ ముడి వేయించి, వంగి చూస్తాడు. రెండు పాయలూ ఎక్కడా మెలిపడకుండా పక్కపక్కనే పోవాలి. “సార్, తోక చాలదు. ఇంకో జానెడు వదలండి” అని విప్పించి మళ్లీ కట్టిస్తాడు. వయసులో నా కొడుకంత లేడు, తాడు ముందు మాత్రం ఆయనే గురువు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పర్వతారోహకుల దగ్గర ఉండే భద్రత చెట్టెక్కి బతికేవాళ్లకు ఇన్నాళ్లకు అందింది. ఏనాడో జరగాల్సిన పని.

ప్రథమ చికిత్స గురించి ఒక్క మాట. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏవీ చేయొద్దు. కరిచిన కాలు కదలకుండా చూసి, ధైర్యం చెప్పి, మోసుకుని ఆస్పత్రికి చేర్చాలి, అంతే. రెండు కర్రలు, నాలుగు చొక్కాలతో స్ట్రెచర్ కట్టి మనిషిని మోసి చూస్తే ఒక కిలోమీటరు ఎంత దూరమో తెలుస్తుంది.

అన్నింట్లోకీ నాకు ఇష్టమైన బాధ్యత స్వీప్. వరుసలో అందరికంటే వెనక నడిచే మనిషి. అతన్ని దాటి వెనక ఎవరూ మిగలకూడదు. ముందున్నవాడి వేగాన్ని అందరూ మెచ్చుకుంటారు. వెనకవాడు మాత్రం ఎవరు మాట్లాడటం మానేశారు, ఎవరి సీసాలో నీళ్లు తగ్గకుండా అలాగే ఉన్నాయి, ఎవరు చెమట పట్టక ఎర్రబడ్డారు అని చూస్తుంటాడు. ఎండదెబ్బ ముందుగా దొరికేది అతని కంటికే. కొత్తగా చేరిన దూకుడు కుర్రాళ్లకు ముందు ఈ పనే అప్పగిస్తాం. మొదట్లో మొహం ముడుచుకుంటారు. సీజన్ సగం గడిచేసరికి వాళ్లే అడిగి తీసుకుంటారు.

ఇప్పుడు మనవాళ్లు చాలామంది ఆఫీసు కుర్చీలోంచి లేచి నేరుగా హిమాలయాలకు టికెట్లు తీస్తున్నారు. వెళ్లాలి, తప్పకుండా వెళ్లాలి. కానీ నేర్చుకోకుండా వెళ్తే ఆ భారం పక్కవాళ్ల మీద, సామాను మోసే పోర్టర్ మీద పడుతుంది. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె, ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్, ఇద్దరూ తాడు పట్టడం నేర్చింది భువనగిరి గుట్ట మీదే. ఆ తర్వాతే డార్జిలింగ్, లద్దాఖ్.

వచ్చే కార్తీకంలో మీరూ బయల్దేరండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ, అలవాటైన పాత బూట్లు, ఒక విజిల్ ఉంటే చాలు. దారి తెలిసినవాళ్లతోనే రండి. దారిలో కనిపించే పాత సమాధులకు పట్టిన తేనెతుట్టెల దగ్గర పొగ, కేకలు వద్దు. ఊటల దగ్గర ప్లాస్టిక్ వదలకండి. పిల్లల్ని మాత్రం ఇంట్లో వదిలి రాకండి.