మోటారు కట్టాక వచ్చే దెబ్బ

కింద సంపు, మేడ మీద ట్యాంకు ఉన్న ఇళ్లవాళ్లకి ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా ఈ చప్పుడు తెలిసే ఉంటుంది. మోటారు కట్టేస్తాం. ఒక్క క్షణం ఏమీ ఉండదు. ఆ తర్వాత గోడలోంచి దబ్బుమని దెబ్బ. పని తెలిసిన ప్లంబరు ఆ చప్పుడుకన్నా ముందున్న క్షణం ఆలస్యాన్నే పట్టించుకుంటాడు.

పది మీటర్ల ఎత్తుకి వెళ్లిన అంగుళం పైపులో సుమారు అయిదు లీటర్లు, అంటే అయిదు కిలోల నీళ్లుంటాయి. మోటారు ఆగాక ఆ నీళ్లు కాస్త పైకి సాగి, నిలబడి, కిందికి దిగడం మొదలెడతాయి. అవి సంపులోకి దిగిపోకుండా మోటారు దగ్గర నీటిని ఒకవైపే పోనిచ్చే వాల్వు, అంటే ఎన్‌ఆర్‌వి బిగిస్తారు. పాత రకం ఎన్‌ఆర్‌విలో పైఅంచున కీలుకి వేలాడే ఇత్తడి రెక్క ఉంటుంది. నీళ్లు పైకి పోతుంటే లేస్తుంది, వెనక్కి వస్తుంటే పడుతుంది. చిక్కల్లా ఆ వెనక్కి రావడంలోనే ఉంది. నీళ్లు తిరగబడి తోస్తేగాని రెక్క పూర్తిగా మూసుకోదు. మూసుకునేసరికి నీళ్లు వేగం అందుకుంటాయి.

అప్పుడు నీళ్లన్నీ ఒకేసారి ఆగవు. గూడెం స్టేషన్లో గూడ్సుబండి ఆగేటప్పుడు పెట్టె వెనక పెట్టె గుద్దుకున్నట్టు, రెక్క పక్కనున్న నీళ్లు ముందు ఆగి, ఆ ఒత్తిడి పైపు పొడుగునా అలలా పరుగెడుతుంది. రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ జుకోవ్‌స్కీ 1897-98లో మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి దీని లెక్క తేల్చాడు. ఇనప పైపులో సెకనుకి మీటరు వేగంతో పోయే నీటిని ఉన్నపళాన ఆపితే, చదరపు సెంటీమీటరుకి 12 కిలోలకు పైగా ఒత్తిడి పెరుగుతుంది. పది మీటర్ల నీరు ఊరికే నిలబడి ఉంటే పడేది ఒక్క కిలో! పీవీసీ పైపు కాస్త సాగుతుంది కాబట్టి అందులో దెబ్బ దాదాపు మూడో వంతు.

దీనికి విరుగుడు స్ప్రింగు ఎన్‌ఆర్‌వి. విప్పి చూస్తే ఎంత తక్కువ సామానో! ఒక గుండ్రటి బిళ్ల, దాని అడుగున రబ్బరు, వెనక సన్నటి కాడ, కాడ చుట్టూ స్ప్రింగు. బిళ్ల కదిలేది కొద్ది మిల్లీమీటర్లే. నీటి వేగం తగ్గుతుండగానే స్ప్రింగు బిళ్లని ముందుకి నెడుతూ వస్తుంది. నీళ్లు తిరగబడే వేళకి తలుపు వేసే ఉంటుంది. పనితనమంతా స్ప్రింగు బిగువులో ఉంది. మరీ గట్టిదైతే ట్యాంకుకి ఎక్కే నీళ్లు తగ్గుతాయి, మరీ మెత్తనిదైతే పాత ఆలస్యమే.

మన వైపు దీనికి శత్రువు నీళ్లలోనే ఉంది. కాలవ నీటితో సన్నటి ఒండ్రు వస్తుంది. కొల్లేరు పక్క ఊళ్ల ఉప్పు బోరు నీళ్లు ఇనుముని తింటాయి. రబ్బరు కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా బిళ్ల సరిగా కూర్చోదు. అందుకే మంచి ప్లంబరు ఎన్‌ఆర్‌వికి పక్కనే యూనియన్ జాయింటు వేస్తాడు, పైపు కొయ్యకుండా విప్పి కడగడానికి. ఈ ముందుచూపు నాకు ఎంతో ఇష్టం.

దెబ్బ కాకుండా టకటకమని వరసగా కొట్టుకుంటుంటే తప్పు క్లాంపులది. మేకు వదులై పైపు గోడకి తగులుతోంది. క్లాంపు కింద రబ్బరు ముక్క పెట్టి బిగిస్తే సరిపోతుంది. పాతకాలపు తిప్పుడు కుళాయి బూరలా మోగితే స్పిండిలు కింద వాషరు అరిగి వణుకుతున్నట్టు, వాషరు మార్చాలి.

పావు తిప్పుకే మూసుకునే కొత్త కుళాయిల దగ్గర మళ్లీ జుకోవ్‌స్కీ లెక్కే. అక్కడ లైనుకి టీ వేసి, అడుగు పొడుగు పైపు ముక్క నిలువుగా బిగించి, పైన మూత పెడతారు. అందులో చిక్కిన గాలి నొక్కుకుని దెబ్బని తాను పుచ్చుకుంటుంది. ఆ గాలి నెలలు గడిచేకొద్దీ నీళ్లలో కరిగిపోతుంది. చప్పుడు తిరిగి మొదలైతే పైన గేటు వాల్వు కట్టి, ఆ లైనులో అన్నిటికన్నా కింది కుళాయి, పై కుళాయి రెండూ తెరిచి నీళ్లన్నీ దించేయాలి. ముక్కలోకి గాలి మళ్లీ చేరుతుంది.