పిలుపు ఎవరి చేతిలో ఉంది?

మన ఇళ్లలో పిలుపుకి ఒక చరిత్ర ఉంది. పేరంటానికి బొట్టుపెట్టి పిలుస్తారు. ఎవరిని పిలవకూడదో మాత్రం పైకి చెప్పరు. భర్త పోయినామె గుమ్మం ముందునుంచే పక్కింటికి వెళ్లిపోతారు, అంతే. ఆమెని ఎవరూ ఒక్క మాటా అనలేదు కాబట్టి ఆమె ఎవరినీ నిలదీయడానికి ఉండదు. స్టార్టప్ కంపెనీలకు ప్రోగ్రామర్లను వెతికిపెట్టే 'ఆహ్వానితులకే ప్రవేశం' తరహా ఉద్యోగ సైట్లను స్త్రీవాద దృష్టితో చదవాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది.

2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెవలపర్ ఆక్షన్ అనే సైటు వచ్చింది. తర్వాత హైర్డ్ అని పేరు మార్చుకుంది. దరఖాస్తు పట్టుకుని కంపెనీల చుట్టూ తిరిగే పద్ధతిని అది తిరగేసింది. ప్రోగ్రామర్ తన వివరాలూ, తనకు కావలసిన జీతమూ రాసి ఉంచితే, ఇంత ఇస్తామంటూ కంపెనీలే వేలం పాడేవి. వినడానికి పనిచేసేవాళ్ల గెలుపులాగే ఉంది. కానీ ఆ వేలంలో నిలబడాలంటే ముందు సైటువాళ్లు ఒప్పుకోవాల్సి వచ్చేది. మొదట్లో వాళ్లు చూసిన గీటురాళ్లు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీల్లో చదువు, గూగుల్, ఫేస్‌బుక్‌ల్లాంటి చోట ఉద్యోగం. అంటే ఇదివరకే ఎవరో పిలిచినవాళ్లనే మళ్లీ పిలిచారు. 2014లో గూగుల్ తన లెక్కలు మొదటిసారి బయటపెట్టినప్పుడు సాంకేతిక ఉద్యోగాల్లో స్త్రీలు 17 శాతం. అలాంటి గుమ్మాల్లోంచి వచ్చినవాళ్లే కావాలన్నాక, 'స్త్రీలు వద్దు' అని ఎక్కడా రాయనక్కరలేదు.

ఈ సైట్ల భాషని కాస్త ఆగి చదవాలి. 2010లో మొదలైన టాప్‌టాల్ తన దగ్గరున్నది 'అత్యుత్తమ 3 శాతం' అని చెప్పుకుంటుంది. ఆ వాక్యంలో మిగతా 97 శాతం మంది కూడా ఉన్నారు, లోపలి సరుకు విలువ పెంచడానికి. బయట ఎంతమంది నిలబడితే లోపల అంత ధర. ఇలాంటిచోట తిరస్కరించడం పొరపాటున జరిగేది కాదు, అమ్మకానికి పెట్టిన వస్తువే అది.

రచయిత్రులుగా మనకి తిరస్కారం కొత్త కాదు. తిరుగు స్టాంపులు జతచేసి పంపిన కథ తిరిగొచ్చేది. బాధే, కానీ కవరు చేతికొచ్చేది. ఎవరు తిప్పి పంపారో తెలిసేది. నాలుగు కథలు తిరిగొస్తే ఆ పత్రిక ధోరణిమీద ఒక వ్యాసం రాయగలిగేవాళ్లం. మన సాహిత్య విమర్శలో కొంత భాగం అలా తిరిగొచ్చిన కవర్లలోంచే పుట్టింది. వెయిటింగ్ లిస్టులో పెట్టి ఊరుకునేవాళ్లమీద ఏమని రాస్తాం? తిరస్కారానికి సాక్ష్యం ఉంటుంది. పిలవకపోవడానికి ఉండదు.

ఎవరు ప్రోగ్రామర్‌లా 'కనిపిస్తారు' అన్న చూపు కూడా ఈ సైట్లతో పుట్టింది కాదు. 1960లలో కానన్, పెరీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1,378 మంది ప్రోగ్రామర్లను పరిశీలించారు. అందులో స్త్రీలు 186 మందే. మంచి ప్రోగ్రామర్లకు మనుషులంటే ఇష్టం ఉండదని వాళ్లు తేల్చారు. అప్పటికే ఆ గదిలో ఎక్కువమంది ఎవరో వాళ్ల స్వభావమే వృత్తి లక్షణం అయి కూచుంది. 2018లో రాయిటర్స్ బయటపెట్టిన అమెజాన్ కథ దీనికి కొనసాగింపే. పదేళ్ల పాత రెజ్యూమేలతో తర్ఫీదిచ్చిన యంత్రం, 'మహిళల' అన్న మాట కనిపిస్తే మార్కులు తగ్గించింది. ఆ ప్రయత్నాన్ని కంపెనీ వదిలేసుకుంది. ఇక గిట్‌హబ్‌లో స్వచ్ఛందంగా రాసిన కోడ్‌ని ప్రతిభకి రుజువుగా చూడటం మరో అలవాటు. వంటా పిల్లలూ అయ్యాక మిగిలే రాత్రి ఎవరికెంతో ఆ రుజువు అడగదు. 2017లో పీర్‌జే కంప్యూటర్ సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, మొత్తంమీద స్త్రీల కోడ్‌నే ఎక్కువగా ఆమోదించారు. కానీ కొత్తగా వచ్చినవాళ్ల విషయంలో, ఆడో మగో తెలిసిపోయేచోట పురుషులదే పైచేయి అయింది.

అమెరికాలోని మన తెలుగు ఇంజనీర్లలో ఇది ఇంకో రూపం తీసుకుంటుంది. 2015 మే దాకా హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్యలకు అక్కడ పనిచేసే హక్కే లేదు. ఆ తర్వాతైనా, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితేనే. ఇంజనీరింగు చదివినామె రెజ్యూమేలో ఐదేళ్ల ఖాళీని చట్టం రాసింది. ఎంపిక చేసే చూపు ఆ ఖాళీని ఆమె అసమర్థతగా చదివిందో లేదో ఆమెకి చెప్పేవాళ్లు లేరు.

వీటిలో మంచి లేదని కాదు. ఇంటర్వ్యూకి ముందే జీతం అంకె చెప్పాలన్న హైర్డ్ నియమం మనం సమర్థించాల్సిందే. జీతాల గోప్యత వల్ల నష్టపోయేది ఎక్కువగా స్త్రీలే. ఈ సైటు సమాచారం మీదే ఆర్థికశాస్త్రవేత్త నీనా రూసిల్ చేసిన అధ్యయనం 2024లో ప్రచురితమైంది. రెజ్యూమేలు ఒకేలా ఉన్నా స్త్రీలు పురుషులకంటే సగటున 2.9 శాతం తక్కువ జీతం అడిగారు. కంపెనీలూ తక్కువే ఇస్తామన్నాయి. 2018 మధ్యలో సైటు ఒక చిన్న మార్పు చేసింది. ఎంత కావాలో రాయాల్సిన ఖాళీ గడిలో, అలాంటి అర్హతలున్నవాళ్లకి కంపెనీలు ఇస్తామన్న మధ్యస్థ జీతాన్ని ముందే నింపి చూపించింది. అలా చూపించినచోట అడగడంలో ఉన్న తేడా పోయింది. ఇస్తామన్న జీతాల్లో తేడా కూడా పోయింది. ఎక్కువ అడిగినందుకు స్త్రీలకు వచ్చే పిలుపులేమీ తగ్గలేదు.

స్త్రీలకి ఆత్మవిశ్వాసం తక్కువ, అడగడం నేర్పాలి అంటూ నడిచే శిక్షణ శిబిరాలకి ఇంతకంటే సమాధానం అక్కరలేదు. ఆ గడిలో లేనిది ధైర్యం కాదు, సమాచారం. మగవాళ్లకి అది స్నేహాల్లో, సాయంత్రపు కబుర్లలో దొరికేది.

అయితే ఆ సమానత్వం లోపలికి వెళ్లగలిగినవాళ్ల మధ్యే. గుమ్మం దగ్గరి గడి ఇంకా ఖాళీగానే ఉంది. 'స్త్రీలకి ప్రత్యేక ఆహ్వానాలు' పంపితే సరిపోతుందనేవాళ్లున్నారు. పిలిచే అధికారం అదే చేతుల్లో ఉన్నంతకాలం అది దయ అవుతుంది, హక్కు కాదు. 2013లో ట్రేసీ చౌ అనే ఇంజనీరు, మీ దగ్గర స్త్రీ ఇంజనీర్లు ఎంతమంది అని కంపెనీలను బహిరంగంగా అడిగింది. ఆ మరుసటి ఏడాదే పెద్ద కంపెనీలు లెక్క చెప్పడం మొదలుపెట్టాయి. ఈ సైట్లని అడగాల్సిన లెక్క మరొకటుంది. ఎంతమంది తలుపు తట్టారు, ఎవరిని ఆపారు, ఏ నియమం ప్రకారం? లోపలున్నవాళ్ల గొప్పతనం గురించి చాలా విన్నాం. బయట నిలబెట్టినవాళ్ల జాబితా చూపించమందాం.