ఇల్లు ఎవరికో అడిగారు, ఎలాగో అడగలేదు

మన గూడేల్లో ఇళ్ల కోసం గ్రామసభ పెడితే అందరిదీ ఒకటే ప్రశ్న: జాబితాలో పేరుందా, లేదా? ఇల్లు ఎలా ఉండాలన్న మాట సభ దాకా రాదు. నమూనా అప్పటికే ఎక్కడో గీసి ఉంటుంది.

చట్టం ఇలా చెప్పలేదు. ఊరి అభివృద్ధి ప్రణాళికలను ఆమోదించడం, లబ్ధిదారులను గుర్తించడం రెండూ గ్రామసభ పనులేనని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. నిర్వాసితులకు పునరావాసం కల్పించే ముందు సంప్రదించాలనీ అంది. మనకు జాబితా మిగిలింది, ప్రణాళిక చేజారింది. 2016లో మొదలైన గ్రామీణ ఆవాస్ యోజన నిబంధనల ప్రకారం ఇల్లు లబ్ధిదారే కట్టుకోవాలి, కాంట్రాక్టరుకు అప్పగించకూడదు. కనీసం 25 చదరపు మీటర్లు, అందులోనే వంటకు చోటు ఉండాలి. ఆ చోటు ఎక్కడన్నది మనం చెప్పాల్సిన మాట.

పోలవరం ముంపు ఊళ్ల కోయలు, కొండరెడ్ల కోసం కట్టిన కాలనీలు చూడండి. వరుసగా ఒకే తీరు కాంక్రీటు ఇళ్లు. మన ఇంట్లో పొయ్యి పొగ అటక మీది విత్తనాలకు పురుగు పట్టకుండా కాస్తుంది. అరుగు మీద నలుగురు కూర్చుంటారు. పక్కనే కోళ్లకు, మేకలకు చోటుంటుంది. స్లాబు గదిలో కట్టెల పొయ్యి పెడితే పొగకు దారి ఉండదు. అందుకే ఇంటి ముందు తాటాకు పంచ దింపుకుంటారు. చూసినవాళ్లు 'వీళ్లకు మంచి ఇల్లిచ్చినా వాడుకోవడం రాదు' అంటారు. మేమంటాం: ఆ పంచే నమూనా మీద మనవాళ్లు చేసిన విమర్శ.

అలాగని పాత ఇల్లే కావాలని మా వాదన కాదు. కప్పు మళ్లీ మళ్లీ నేయాలి, ఎండాకాలం అగ్గి భయం. ఆడవాళ్లు మరుగుదొడ్డి, గట్టి గోడ, లోపలి గొళ్లెం కోరుకుంటారు. స్లాబే కావాలంటే స్లాబే వేయాలి. కానీ అది అడిగి తెలుసుకున్న మాట కావాలి. గీసేసిన నమూనా కింద వేలిముద్ర వేయించుకోవడం అడగడం కాదు.

పంతుళ్లకు, చదువుకున్న పిల్లలకు మా మనవి ఒకటే. బడి ఆవరణలో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు ముగ్గుతో గీయండి. అదే 25 చదరపు మీటర్లు. అవ్వలను, అమ్మలను అందులో నిలబెట్టి పొయ్యి ఎక్కడో, గింజలు ఎక్కడో, చూరు ఎంత దూరం రావాలో అడగండి. వాళ్లు చెప్పింది కాగితం మీద పెట్టి, జాబితా చదవక ముందే గ్రామసభలో తీర్మానం రాయించండి.