తన కొలతనే అనుమానించే సర్వే

1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ వంద అడుగుల ఉక్కు గొలుసుతో కొలత మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ల తిన్నని గీత కొలవడానికి 57 రోజులు పట్టింది. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి నడిచేసే దూరమది. కానీ దక్షిణాది పటమంతా ఆ గీత మీదే నిలబడాలి మరి.

గొలుసును నేలకు తగలనివ్వలేదు. ముక్కాలి ఊతల మీద చెక్కపెట్టెలు వరసగా పేర్చి, వాటిలో గొలుసు పరిచి, కొసకు బరువు వేలాడదీసి బిగించారు. పెట్టెల్లో థర్మామీటర్లు పెట్టారు. వేడి ఒక్క ఫారన్‌హీట్ డిగ్రీ పెరిగితే గొలుసు అంగుళంలో దాదాపు 135వ వంతు సాగుతుంది. ఆ మాత్రానికేమిటి అనుకుంటాం. నాలుగొందల గొలుసుల పొడవుకి అది మూడంగుళాలు, అదీ ఒక్క డిగ్రీకే. వాడగా వాడగా గొలుసు సాగిందేమోనని, పక్కన దాచిన రెండో గొలుసుతో పోల్చి చూసుకునేవారు.

అక్కణ్ణుంచి దూరాలు కొలిచే పని లేదు, కోణాలు చాలు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతావి లెక్క కట్టొచ్చని బళ్లో చదివినదే. అయినా మూడో కోణాన్నీ కొలిచేవారు, తనిఖీకి. భూమి గుండ్రం కనుక మూడూ కలిపితే 180 డిగ్రీలకు రవ్వంత ఎక్కువ రావాలి. సుమారు 196 చదరపు కిలోమీటర్లకు ఒక కోణ సెకను చొప్పున. పెద్ద త్రిభుజంలో లెక్క సరిగ్గా 180 దగ్గర ఆగిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే!

త్రిభుజాలు బెంగళూరు చేరాక, 1804లో అక్కడ మళ్లీ గొలుసు దించారు. లెక్కలో తేలిన పొడవుకీ, నేల మీద కొలిచిన పొడవుకీ తేడా నాలుగంగుళాల లోపే. ఈ సర్వే గొప్పతనం చెప్పమంటే హిమాలయాల ఎత్తుల కంటే ముందు నేను ఈ నాలుగంగుళాలే చెబుతాను.

ఎక్కి కోణాలు చూద్దామంటే కావేరి డెల్టాలో గుట్టలు లేవు. అందుకని గుడిగోపురాలు ఎక్కారు. 1808లో తంజావూరులో కోణాలు కొలిచే అర టన్ను థియోడొలైట్‌ను పైకి లాగుతుంటే తాడు తెగి, పెట్టె గోడకు కొట్టుకుంది. కోణాలు చూపే వలయం వంకర పోయింది. లాంబ్టన్ పనివాళ్లతో గుడారంలో కూర్చుని, వారాల తరబడి దాన్ని వెంట్రుకవాసి చొప్పున సరిచేసుకున్నాడు.

1815లో బీదర్ దగ్గర, 1862లో విశాఖపట్నం దగ్గర కూడా ఇలాంటి ఆధార రేఖలు కొలిచారు. 1818లో హైదరాబాదులో లాంబ్టన్‌తో చేరిన జార్జ్ ఎవరెస్ట్, మరుసటేడు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరంతో మంచాన పడ్డాడు. అతనితో పాటు బృందమంతా పడింది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి ఆ దొర పేరు దక్కింది. సర్వే గుర్తులుగా జెండాలు మోసినవాళ్ల పేర్లు మాత్రం ఏ పటంలోనూ లేవు.

ఇంత శ్రమతో తేల్చిన బిందువు చూడ్డానికి బండరాతి మీద ఉలితో చెక్కిన చిన్న వలయం, నడుమ చుక్క. దాని మీద దిమ్మె కట్టి, తూకపుగుండు వేలాడదీసి, సరిగ్గా పైనే మరో గుర్తు పెట్టేవారు. పైది చెరిగిపోయినా అడుగుది మిగులుతుంది.

ఇప్పటి భూముల రీసర్వేలో బిందువులు తేల్చే పని ఉపగ్రహాలదీ, వాటి సంకేతాలను రాత్రింబవళ్లు అందుకునే స్థిర కేంద్రాలదీ. పొలంలో ఆ సంకేతాలు అందుకునే రోవర్ పరికరం పట్టుకున్న సర్వేయరు ముందుగా తెలిసిన బిందువు మీద దాన్ని నిలిపి, తేడా ఎంతొస్తోందో చూడాలి. సెంటు భూమి కోసం గట్టు మీద వాదించే రైతు, ఆ తేడా ఎంతో తనకీ చూపించమని అడగొచ్చు.